బడి వదిలాక ఎవరి బాధ్యత?

‘తల్లి శ్రద్ధ తీసుకోవడం లేదు.’ పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. తండ్రి శ్రద్ధ తీసుకోవడం లేదని రాసిన కార్డు ఒక్కటి కూడా ఇంతవరకూ నా కంటపడలేదు. ప్రభుత్వం శ్రద్ధ తీసుకోవడం లేదని ఎలాగూ ఎవరూ రాయరనుకోండి.

డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. చిక్కడపల్లిలో మేముండే ఇంటి కింది గదిలో ఆరేళ్ళుగా సాయంత్రం పూట పిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు. మామూలుగా పద్దెనిమిది మంది, పరీక్షల ముందు పాతిక మంది. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నారు. దీన్ని ట్యూషన్ అనను, ఫీజు లేదు కాబట్టి. సేవ అని అసలే అనను. ఆ మాట మీద నాకున్న కోపం సంగతి తర్వాత చెబుతాను. ఈ పిల్లల తల్లుల్లో ఎక్కువమంది అశోక్ నగర్, నారాయణగూడ అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేస్తారు. కొందరు హాస్టళ్ళలో వంట చేస్తారు. ఒకామె మెస్సులో చపాతీలు ఒత్తుతుంది. రోజుకి ఎన్ని అని అడిగితే లెక్కపెట్టడం ఎప్పుడో మానేశానంది.

వీళ్ళ పిల్లల్ని ప్రాజెక్టు రిపోర్టుల భాషలో ‘ప్రమాదపుటంచున ఉన్న పిల్లలు’ అంటారు. ఆ ప్రమాదం ఏమిటో, దాని అంచుకు వాళ్ళని ఎవరు తెచ్చి నిలబెట్టారో మాత్రం ఆ రిపోర్టుల్లో ఉండదు. వాళ్ళ ఒంట్లోనే పుట్టిన జబ్బులాగా, వాళ్ళమ్మల పెంపకంలోంచి అంటుకున్న మచ్చలాగా రాస్తారు. ఆరేళ్ళుగా నేను చూస్తున్నది వేరు. ఈ పిల్లల చదువు బడిలో పోయేదానికంటే బడి వదిలాక ఎక్కువ పోతోంది. సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉన్న ఆ మూడున్నర గంటలు ఎవరివి? ఇది స్త్రీవాదుల ప్రశ్న. ఇంటిచాకిరి గురించి ఇంత రాసుకున్న మన పత్రికల్లో దీని మీద చర్చ ఇంత తక్కువగా ఉండటం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

మా ప్రాంతం తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర దిగి అశోక్ నగర్ వైపు నడవండి. గ్రూప్స్, సివిల్స్, ఎస్సై, డీఎస్సీ - ఒక బోర్డు మీద ఇంకో బోర్డు. అద్దె గదులు, హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్స్ షాపులు, టీ బండ్లు. ఇక్కడి బతుకంతా ‘చదువు’ చుట్టూనే తిరుగుతుంది. నారాయణగూడ వైపు వెళితే ఇంటర్ కాలేజీలు. కోచింగ్ ఫీజు మీద ప్రభుత్వం 18 శాతం జీఎస్టీ తీసుకుంటుంది. అంటే బడి బయట జరిగే చదువు సంగతి ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. దాని మీద రాబడి కూడా ఉంది. పదహారేళ్ళలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. కానీ కోచింగు కొనలేని పదహారేళ్ళలోపు పిల్ల సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో చెప్పే మార్గదర్శకం ఏదీ లేదు.

ఈ అభ్యర్థులకు అన్నం వండే ఆమె కూతురికి లెక్క చెప్పేవాళ్ళు లేరు. ఆ మాటే ఒకసారి ఆ తల్లితో అంటే ఆమె నాకు సూటిగా జవాబిచ్చింది. “సదువుకోమంటే నేను వద్దంటనా మేడం? జెప్పెటోల్ల సంగతి తర్వాత. ముందు కూసునే జాగేది?” వాళ్ళుండేది నాలా పక్కన ఒకే ఒక్క గది. అందులో అయిదుగురు, ఒక స్టవ్వు, ఒక మంచం, ఒక టీవీ. 2000 ఆగస్టులో హుస్సేన్ సాగర్ నాలా పొంగి అశోక్ నగర్, దోమల్‌గూడ మునిగినప్పుడు పుస్తకాలు పోయిన పిల్లలే ఇప్పుడు ఈ పిల్లలకు తల్లులు. మళ్ళీ అలాంటి గదుల్లోనే ఉన్నారు.

ఇక హోమ్‌వర్క్ సంగతి. హోమ్‌వర్క్ ఇచ్చే ప్రతి బడీ ఇంట్లో ఒక ఆడమనిషి ఖాళీగా ఉంటుందనీ, ఆమెకు చదువొచ్చనీ, ఇంట్లో వెలుతురున్న మూల ఒకటి ఉందనీ ముందే అనుకుంటుంది. మధ్యతరగతి ఇంట్లో ఆ పనిని ఉద్యోగం చేసే తల్లో, ఉద్యోగం మానేసిన తల్లో మోస్తుంది. బడి చేయాల్సిన పనిలో ఒక వంతును జీతం లేకుండా తల్లుల నెత్తిన పెట్టడమే హోమ్‌వర్క్. 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం ఈ లెక్కలోకి రాదు, దానికి మళ్ళీ వేరే లెక్క. ఇప్పుడు ఆ హోమ్‌వర్క్ మోసే తల్లి ఏం చేస్తుంది? వీలుంటే ట్యూషన్ కొంటుంది. గ్రామీణ భారతంలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా డబ్బిచ్చి ట్యూషన్ కు వెళ్ళే పిల్లలు 2018లో 26.4 శాతం. 2022లో 30.5 శాతం. ఇవి ‘అసర్’ సర్వే లెక్కలు. ఇది పల్లెల సంగతి. మా వీధుల సంగతి ఊహించుకోండి. ట్యూషన్ కొనలేని తల్లి కార్డు మీద ‘శ్రద్ధ లేదు’ అన్న వాక్యం పడుతుంది.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ప్రతి బిడ్డా ఎంత నేర్చుకుంటోందో చూసి అవసరమైతే అదనంగా చెప్పడం టీచరు విధి. 28వ సెక్షన్ ప్రకారం టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. రెండూ మంచి మాటలే. కానీ అదనంగా చెప్పడానికి అదనపు మనిషినీ, అదనపు సమయాన్నీ ఎవరిస్తారు? ఆచరణలో మనకు మిగిలింది పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు సాయంత్రం పెట్టే ప్రత్యేక తరగతులు. అవి ఉత్తీర్ణతా శాతం కోసం. ఆరో తరగతిలో భాగాహారం దగ్గర ఆగిపోయిన పిల్ల పదో తరగతి దాకా వస్తే కదా!

ఇంతకంటే నన్ను మండించేది 2016లో వచ్చిన బాలకార్మిక చట్ట సవరణ. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఏ పనీ చేయకూడదని ఒక చేత్తో రాసి, ‘బడి వేళల తర్వాత, సెలవుల్లో’ కుటుంబానికీ కుటుంబ వృత్తికీ సాయం చేయవచ్చని ఇంకో చేత్తో మినహాయింపు ఇచ్చారు. ప్రమాదకరమైన పనులు కాకపోతే చాలునట. గమనించారా? బడి వదిలాక ఉన్న గంటలు ఎవరివి అన్న ప్రశ్నకు ఈ దేశ చట్టం జవాబు చెప్పింది. అవి కుటుంబానివి. కుటుంబం అంటే ఏమిటో, అందులో ‘సాయం’ ఎవరు చేస్తారో మనకొకరు చెప్పాలా?

మా గదిలో ఒక నోట్ బుక్ ఉంది. పిల్లలు వచ్చిన టైమూ వెళ్ళిన టైమూ అందులో వాళ్ళే రాస్తారు. మొదట్లో పిల్లలకు గడియారం చూడటం నేర్పడానికి పెట్టిందది. అందులో ఆడపిల్లల పేర్ల ఎదురుగా 6.10, 6.25, 6.15 ఉంటాయి. వెళ్ళే టైము 7.15. అంటే గంట. ముందు నీళ్ళు పట్టాలి, బియ్యం కడిగి పెట్టాలి, తమ్ముణ్ణి అంగన్‌వాడీ నుంచి తెచ్చి ముఖం కడగాలి. మళ్ళీ అమ్మ వచ్చేలోపు కూర తరిగి పెట్టాలి. అమ్మ అప్పటికి రెండో విడత పనిలో మన వంటింట్లో ఉంటుంది. మగపిల్లలు అయిదింటికే రావచ్చు, వస్తారు కూడా, వచ్చిన రోజున. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వరసగా వారం రోజులు ఒక లెక్కను సగంలోనే వదిలేసి వెళ్ళిపోయింది. చాతకాక కాదు. ఏడుంబావు అవుతుంది, లేస్తుంది. ఆ పిల్ల టీచరు ‘ఏకాగ్రత లేదు’ అని రాశారు. ఆడపిల్లల ఏకాగ్రత మీద ఇలా తీర్పులిచ్చేవాళ్ళు ఒక్కరోజు ఆ నోట్ బుక్ చూస్తే బావుంటుంది.

ఇంటిపనిని పనిగా లెక్కపెట్టాలని మనం గట్టిగా అంటాం. శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు 1990లలో రంగారెడ్డి జిల్లాలో పని మొదలుపెట్టినప్పుడు ఇదే మాటను పిల్లల దగ్గరికి తీసుకువెళ్ళారు. బడికి రాని ప్రతి బిడ్డా బాల కార్మికురాలే, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకునే పిల్లతో సహా, అన్నారు. పగలంతా పనికి పంపి రాత్రి పూట గంటసేపు చదువు చెప్పే అనియత విద్యా కేంద్రాలను వాళ్ళు ఒప్పుకోలేదు. అవి పనికి అనుమతి పత్రాలని వాళ్ళ వాదన. ఆ వాదన సరైనదని నేనూ నమ్ముతాను. కాబట్టి స్పష్టంగా చెప్పాలి. నేనడిగే సాయంత్రపు కేంద్రం బడికి బదులు కాదు. పగలు పూర్తి బడి ఉన్న పిల్లకు సాయంత్రం పూర్తి పనిదినం మొదలవుతోంది. ఆ పనిని ఆపడం గురించి మాట్లాడుతున్నాను.

మగపిల్లల మాట కూడా చెప్పాలి. ఆడపిల్లల సాయంత్రాన్ని ఇల్లు లాక్కుంటుంది. మగపిల్లల సాయంత్రాన్ని మాత్రం ఎవరూ అడగరు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్ళ చుట్టూ, టీ బండ్ల దగ్గర, మెట్రో పిల్లర్ల కింద నిలబడతారు. పధ్నాలుగేళ్ళకే హాస్టళ్ళకు టిఫిన్లు మోస్తూ నాలుగు రూపాయలు చేతిలో ఆడేసరికి బడి చప్పగా కనిపిస్తుంది. వీళ్ళ విషయంలో రాజ్యానికి ఒక్కసారిగా శ్రద్ధ పుట్టుకొస్తుంది, పోలీసుల రూపంలో. మూసీ అవతల, పాతబస్తీలో 2015లో ‘చబుత్రా’ పేరుతో జరిగింది గుర్తుందా? రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళను పట్టుకొచ్చి, తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ చేశారు. తల్లులు తలవంచుకుని పోలీసుల ఉపన్యాసం విన్నారు. పిల్లలకూ కుటుంబాలకూ కలిపి సాయంత్రం పూట ప్రభుత్వం ఏమైనా చేసిందా అంటే నాకు గుర్తొచ్చేది అదే. అరుగు మీద కూర్చోకూడదన్నారు సరే, ఒక్క గది ఉన్న ఇంట్లోంచి బయటికొచ్చిన పదహారేళ్ళవాడు ఎక్కడ కూర్చోవాలి?

ఇప్పుడు ‘సేవ’ సంగతి. మా గది గురించి తెలిసి సాఫ్ట్‌వేర్ కంపెనీల నుంచి పిల్లలు ఆదివారాలు వస్తుంటారు. ‘మెంటర్లం’ అంటారు. వాళ్ళ మంచితనాన్ని నేనేమీ అనను. ఒక్కో పిల్లకీ ఒక్కో మెంటరు. మొదటి వారం లక్ష్యాలు రాయిస్తారు, రెండో వారం చాక్లెట్లు, ఫోటోలు. మూడు నెలలకు వాళ్ళకు బెంగుళూరు బదిలీ అవుతుంది. “ఆ అక్క మళ్ళొస్తదా మేడం?” అని అడిగిన పిల్లకు నేనే ఏదో ఒకటి చెప్పాలి. పిల్లకు కావలసింది స్ఫూర్తినిచ్చే మనిషి కాదండీ, రేపు కూడా కనిపించే మనిషి. రేపు కూడా కనిపించాలంటే ఆ మనిషికి జీతం ఉండాలి.

ఇక్కడే నా కోపం. ఆడవాళ్ళ చేత చేయించుకునే పని ఏదైనా సరే, దానికో పవిత్రమైన పేరు పెడితే జీతం ఎగ్గొట్టవచ్చని ఈ దేశం ఎప్పుడో కనిపెట్టింది. అంగన్‌వాడీ టీచరుకీ ఆశా కార్యకర్తకీ ఇచ్చేది ‘గౌరవ వేతనం’, ‘పారితోషికం’. ఇప్పుడు సాయంత్రపు చదువుకు ‘రిటైరయిన మహిళలు ముందుకు రావాలి’ అంటున్నారు. నేను ముందుకొచ్చాను, మోకాళ్ళు సహకరించినంత కాలం ఉంటాను. కానీ నా మోకాళ్ళ మీద ఆధారపడిన పథకాన్ని పథకమంటారా? మా గదిలో అసలు పాఠం చెప్పేది నేను కాదు. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ డీఎస్సీకి చదువుకుంటున్న ఒక బీఈడీ అమ్మాయి. ముగ్గురు స్నేహితురాళ్ళం కలిసి ఆమెకు నెలనెలా జీతం ఇస్తున్నాం. లెక్కలు నాకంటే వందరెట్లు బాగా చెబుతుంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన పిల్ల. పిల్లల భాషే ఆమె భాష. ఇలాంటి అమ్మాయిలు ఈ మూడు పేటల్లో గదికి నలుగురు ఉన్నారు, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ. పిల్లలున్నారు, చెప్పగలవాళ్ళున్నారు, ఒకే వీధిలో ఉన్నారు. మధ్యలో లేనిది జీతం.

పూర్వం మన ఆడవాళ్ళు దీన్ని ఇంతకంటే బాగా అర్థం చేసుకున్నారనిపిస్తుంది. నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాలనే చూడండి. 1928లో నిజాం రాజ్యంలో ఆడపిల్లలకు తెలుగులో హైస్కూలు. గుర్తింపు దొరక్కపోతే పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాయించారు. మద్రాసులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ బడి తప్పిపోయిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేసింది. ఆంధ్ర మహిళా సభ అలా పెరిగింది. దాన్ని ఆమె తన మంచితనంగా మిగిల్చుకోలేదు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలై, 1958లో కండెన్స్‌డ్ కోర్సుల పథకంగా మార్చి, ప్రభుత్వ డబ్బు పెట్టించింది. నాకు ఆమెలో నచ్చేది అదే. ఆ బోర్డును 2022లో మూసేశారు. దాని గురించి మనలో ఎంతమందిమి ఒక్క వ్యాసమైనా రాశాం?

డబ్బెక్కడిది అని అడుగుతారు. ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు లెక్క చూసుకోండి. అందులో 8 శాతం గ్రంథాలయ పన్ను. గ్రంథాలయ చట్టం కింద ఏళ్ళ తరబడి మనం కడుతున్నదే. మా చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదివే వందలాదిమంది పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుంటారు. 2023 ఎన్నికల ముందు నాయకులు ఆ ఆవరణకు వచ్చి ఉద్యోగాల గురించి మాట్లాడి వెళ్ళారు. నిరుద్యోగులకు ఓట్లున్నాయి, ఆరో తరగతి పిల్లకు లేదు. వాళ్ళ కుర్చీ లాక్కోమని నేననడం లేదు. ఈ మూడు పేటల్లోనూ సాయంత్రం నాలుగున్నరకు తాళం వేసే సర్కారు బడులున్నాయి, వార్డు ఆఫీసులున్నాయి, కమ్యూనిటీ హాళ్ళున్నాయి. తాళం తీయాలి. బల్లలు, లైట్లు, తాళం ఉన్న టాయిలెట్టు, పిల్లలు ఆకలితో వస్తారు కాబట్టి ఉడికించిన శనగలో గుడ్డో, ఇద్దరు జీతగాళ్ళు. దీనికి ఏ విదేశీ నమూనా అక్కర్లేదు.

టీచర్ల మీద ఇంకో భారం కాదా అన్నది న్యాయమైన ప్రశ్న. సర్కారు బడి టీచర్లలోనూ ఎంతోమంది ఆడవాళ్ళే. వాళ్ళకూ నాలుగున్నర తర్వాత రెండో డ్యూటీ ఉంది. అందుకే వేరే పోస్టులు అంటున్నాను. చీకటి పడ్డాక ఆడపిల్లలు ఎలా ఇంటికెళతారన్నది ఇంకో ప్రశ్న. ఈ ప్రశ్న ఎప్పుడూ ఆడపిల్లను ఇంట్లో ఉంచడానికే పనికొస్తోంది. వీధిలైటు వేయించడానికి మాత్రం పనికిరాదేం?

చివరిగా, ఈ పత్రిక చదివే మన సంగతి. మన పుస్తకావిష్కరణ సభలు చాలావరకు సాయంత్రం ఆరింటికే. త్యాగరాయ గానసభలో నేనూ ఎన్నో సభల్లో కూర్చున్నాను. ఆ ఆరింటికి మన ఇంట్లో గిన్నెలు ఎవరో తోముతున్నారు కాబట్టి మనం వేదిక మీద ఉన్నాం. నవల రాయడానికి, పీహెచ్‌డీ గైడ్ చేయడానికి, మన పిల్లకు ఎంట్రన్సు చదివించడానికి మనకు మిగిలిన సాయంత్రం ఆమె దగ్గర్నుంచి వచ్చింది. ఆమెకు అది వాళ్ళ పెద్దకూతురి దగ్గర్నుంచి వచ్చింది. ఆ పిల్లకు పన్నెండేళ్ళు. ఈ గొలుసును అపరాధభావంతో చూడమని నేననను, దానివల్ల ఎవరికీ లెక్కలు రావు. హక్కుగా అడగమంటున్నాను. ఇంటిపనివాళ్ళ సంఘాలు సెలవు కోసం, వేతనం కోసం అడుగుతున్నాయి. వాటి పక్కన సాయంత్రపు కేంద్రం అన్న డిమాండు కూడా చేరాలి. అది చదువు డిమాండూ, పని డిమాండూ రెండూను.

కిందటి నెలలో తల్లులతో మీటింగు పెట్టాను. రాత్రి తొమ్మిదింటికి పెట్టాను, వాళ్ళకు కుదిరే టైము అదే. పిల్లల చదువు గురించి వాళ్ళకు సలహాలివ్వడానికి కాదు, గది ఎలా నడపాలో వాళ్ళనే చెప్పమనడానికి. గంటన్నర వాదించుకున్నారు. ఆడపిల్లలు అయిదింటికే రావాలి, ఏడున్నర దాకా ఉండాలి అని తీర్మానించారు. మరి నీళ్ళు, బియ్యం? హాస్టల్లో వంట చేసే ఆమె అంది, “మా ఆయన ఆరింటికే ఇంటికొస్తడు గదా. బియ్యం కడుగుడు గాయనకు రాదా?” అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆమె మళ్ళీ అంది, “నేను నవ్వుతందుకు అనలే. రాసుకోండ్రి మేడం.” రాసుకున్నాను. ఆమె కూతురు పోయిన వారంలో మూడు రోజులు 5.05కి వచ్చింది. మిగతా మూడు రోజులు 6.20.